వాన వస్తే సంతోషమా, దిగులా?

"వాన రావాలి" అంటాం. వచ్చాక "ఇప్పుడా రావడం?" అంటాం. రెండు మాటలూ నిజమే. ఎందుకో చూద్దాం.

అనంతపురం వైపు వాన తక్కువ. ఏడాది మొత్తానికి సుమారు 55 సెంటీమీటర్లు. అక్కడి మెట్ట పొలాల్లో వేరుశనగ ముఖ్యమైన పంట. ఆ వైపు వాళ్లు బుడ్డలు అంటారు.

జూన్, జూలై నెలల్లో వాన పడితే రైతుకు పండుగే. నేలకు పదును వస్తుంది. విత్తనం వేస్తాడు. ఒక్క సెంటీమీటరు వానకు ఎకరం మీద సుమారు 40 వేల లీటర్ల నీళ్లు పడతాయి. మోటారు వేయకుండా వచ్చిన నీళ్లు! పూత వచ్చాక ఊడలు నేలలోకి దిగాలి. అప్పుడూ వాన కావాలి. నేల గట్టిపడితే ఊడ దిగదు. కాయ ఊరదు.

మరి చెట్లు పీకి పొలంలో ఆరబెట్టాక వాన వస్తే? కాయ నల్లబడుతుంది. ధర పడిపోతుంది. పశువుల మేత కుళ్లిపోతుంది. మూడు నెలల కింద దండం పెట్టి పిలిచిన వానే ఇది!

కూలికి పోయే అక్క సంగతి వేరు. విత్తే వాన వస్తే ఆమెకు పని దొరుకుతుంది. నాలుగు రోజులు ముసురు పడితే పని ఉండదు. కూలి డబ్బు రాదు. పొయ్యిలోకి పుల్లలు తడిసిపోతాయి. ఇల్లు కురుస్తుంది. పక్కింటి రైతు "మంచి వాన" అంటాడు. ఆమె కారే చోటల్లా గిన్నెలు పెడుతుంది. పిల్లల్ని ఏ మూల పడుకోబెట్టాలా అని చూస్తుంది. ఆమె వానను తిడితే తప్పు పట్టకండి.

వానను మనం ఆపలేం. కానీ ముందుగా జాగ్రత్త పడగలం.

1. చెట్లు పీకే ముందు రేడియోలోనో, ఫోనులోనో వాతావరణం కబురు తెలుసుకోండి.

2. ఆరిన పంటను మెరక మీద కుప్ప వేసి, పైన పట్ట కప్పండి.

3. బూజు పట్టిన కాయలు తినకండి. పశువులకూ పెట్టకండి. ఆ బూజు వల్ల విషం పుడుతుంది. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు.

4. వానలకు ముందే ఇంటి కప్పు బాగు చేసుకోండి. డబ్బు లేకపోతే పొదుపు సంఘంలో అప్పు అడగండి. కురిసే ఇల్లు ఒక్కరి బాధే అనుకోవద్దు.

చెప్పండి, రాయండి:
మీ ఊళ్లో వాన వస్తే ఎవరికి సంతోషం? ఎవరికి దిగులు?
ఈ ఏడు ముందుగా ఎవరి ఇంటి కప్పు బాగు చేయాలి?