చదరంగంలో 61వ గడి

పోయిన నెల సెమినార్‌లో నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. పావులూరి మల్లన చదరంగం పద్యం గురించి చెప్తూ, అందులోని 20 అంకెల సంఖ్య బేసి కాబట్టి ప్రధాన సంఖ్యే అయ్యుంటుందని ధైర్యంగా అనేసినాను. ఎవరూ అడగలేదు. మాకు నాన్న వైపు తెలుగు, అమ్మ వైపు తమిళం. కృష్ణగిరిలో బి.ఎస్సీ. గణితం చదివే పెద్దమ్మ కూతురు ఆ సంఖ్యను ఒక్క చూపు చూసి "కడైసిలె అంజు ఇరుక్కే!" అనింది. చివర 5 ఉంటే 5తో భాగం పోతుంది కదా! "తెలుగు బి.ఏ.లో లెక్కలేముంటాయి?" అని నన్ను ఏడిపించేది కూడా ఆ అక్కే. అందుకే ఊరుకోలేకపోయినాను.

మల్లన పదకొండో శతాబ్దం వాడని చదువుకున్నాం. మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినాడు. పద్యంలో లెక్క ఇది: మొదటి గడిలో ఒక గింజ (మన పక్క అయితే రాగిగింజ అనుకోండి), రెండోదాంట్లో 2, మూడోదాంట్లో 4, అట్లా రెట్టింపు చేస్తూ 64 గడులూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. అంకెలకు బదులు మాటలుంటాయి. శరం అంటే 5, మన్మథుడి బాణాలు. శశి 1, వేదం 4, గగనం 0. సంఖ్యను కుడి నుంచి ఎడమకు చెప్తారు కాబట్టి పద్యం శరంతోనే మొదలవుతుంది. అక్క చూసిన అంజు మొదటి మాటలోనే ఉంది, నేనే చూడలేదు! ఒకటి మాత్రం అక్క ఒప్పుకుంది. ఆమె ఫోన్ కాలిక్యులేటర్ కొన్ని అంకెలు చూపించి మిగతావి మింగేసింది. పద్యంలో ఇరవైకి ఇరవై ఉన్నాయి.

మరి ఎన్ని గడుల దగ్గర ఆపితే మొత్తం ప్రధాన సంఖ్య అవుతుంది? 2 గడులకు 3, మూడింటికి 7, అయిదింటికి 31. నాలుగింటికి 15, అది కాదు. గడులను జతలు కట్టి చూడండి: 1+2=3, 4+8=12, 16+32=48. ప్రతి జతా 3తో భాగం పోతుంది. 64 గడులంటే 32 జతలు, ఇంక మొత్తం ఎట్లా తప్పించుకుంటుంది? 63 గడులను మూడేసి కడితే 7తో పోతుంది. గడుల సంఖ్యే ప్రధానమైతే ఇట్లా సమానంగా కట్టలేం. అట్లని ప్రతిసారీ నెగ్గదు. 11 గడుల మొత్తం 2047, అది 23×89.

64 లోపల చివరగా నెగ్గేది 61వ గడి దగ్గర: 23,05,84,30,09,21,36,93,951. ఈ రకం ప్రధాన సంఖ్యలకు పేరిచ్చిన ఫ్రాన్స్ సన్యాసి మెర్సెన్ 1644 జాబితాలో 61 లేదు, 67 ఉంది. 67 తప్పు. 61 సంగతి 1883లో రష్యాలో ఇవాన్ పెర్వూషిన్ అనే చర్చి ఫాదర్ చేత్తో లెక్క వేసి తేల్చినాడు. 2024లో దొరికిన 4,10,24,320 అంకెల ప్రధాన సంఖ్య కూడా ఈ వంశమే. దానికి చదరంగం బల్లలో 13,62,79,841 గడులు కావాలి.

61 గడుల సంఖ్యకు మల్లన పద్ధతిలో పద్యం కడదామని కూర్చున్నాను. శశి, శరం, రంధ్రం, అగ్ని దాకా వచ్చినాను. నడుమ పక్కపక్కనే వచ్చే రెండు సున్నాల దగ్గర యతి కుదరడం లేదు. ఛందస్సు బాగా వచ్చినవాళ్ళు కాస్త చూసిపెట్టండి, పొంగల్ సెలవుల్లో అక్కకు చూపించాలి.