ఎం.ఎస్. మందు పనిచేస్తోందా? ఏ పరీక్ష, ఎలా చేయించుకోవాలి?

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. చేతులకూ కాళ్లకూ చిన్న చిన్న షాకులిచ్చి చూసే నరాల పరీక్ష ఎన్‌సీఎస్. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) మందు పనిచేస్తోందో లేదో అది చెప్పదు. ఈ జబ్బు దెబ్బతీసేది మెదడునీ, వెన్నుపామునీ, కంటినరాన్నీ. ఎన్‌సీఎస్ చూసేది వాటికి వెలుపలి నరాలను. ధవళేశ్వరం బ్యారేజీలో గేటు మొరాయిస్తే శివారు బోదె గట్లు చూసొచ్చి ‘అంతా బానే ఉందండీ’ అన్నట్టుంటుంది. కాబట్టి నార్మల్ అని వచ్చిందని సంబరపడిపోకండి. అరికాళ్ల మంటలకు షుగరో, బీ12 లోపమో కారణమేమో తేల్చడానికైతే అది పనికొస్తుంది. డాక్టరు గారు రాశారంటే చాలావరకు అందుకే.

అసలు కొలత ఎమ్మారై. మందు మొదలుపెట్టకముందు ఒకటి, మొదలుపెట్టాక మూడు నుంచి ఆరు నెలల్లో ఒకటి, ఆపైన సాధారణంగా ఏడాదికొకటి. కాకినాడైనా రాజమండ్రైనా, వీలైనంతవరకు ఒకే సెంటర్లో, ఒకే మెషిన్ మీద తీయించుకోండి. రిపోర్టు కాగితం చాలదు, సీడీ కూడా అడిగి తీసుకోండి.

కంటినరం దారి చూడటానికి వీఈపీ (విజువల్ ఇవోక్డ్ పొటెన్షియల్) అనే పరీక్ష ఉంది. ముందురోజు తలంటుకోండి, ఆపైన నూనె రాయొద్దు. కోనసీమవాళ్లకు కష్టమే, కానీ కొబ్బరినూనె జిడ్డుంటే తల వెనక అంటించే ఎలక్ట్రోడ్లు సరిగా పట్టవు. కళ్లద్దాలుంటే తీసుకెళ్లండి. కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేయించుకున్న రోజున మాత్రం వెళ్లొద్దు. ఒక కన్ను మూసి, తెర మీద నలుపు తెలుపు గళ్లు తారుమారవుతుంటే మధ్య చుక్కనే చూస్తూ కూర్చోవాలి. చూపు పక్కకు పోతే రిపోర్టూ పక్కదారి పడుతుంది.

రిపోర్టులో పీ100 అనే అల మామూలుగా సుమారు 100 మిల్లీసెకన్లకు వస్తుంది. కంటినరం ఒకసారి దెబ్బతింటే అది ఆలస్యంగా వస్తుంది, చూపు తిరిగొచ్చాక కూడా ఆ ఆలస్యం ఏళ్లతరబడి ఉండిపోవచ్చు. అందుకని పాత రిపోర్టు పక్కన పెట్టి చూడాలి. అంకె అక్కడే ఉంటే మందు ఓడిపోయినట్టు కాదు.

ఇంట్లో చేసుకోదగ్గదీ ఒకటుంది. వరండాలో 25 అడుగులు కొలిచి గీత గీయండి. పడిపోకుండా ఎంత వేగంగా నడవగలరో అంత వేగంగా నడిచి, ఫోన్లో సెకన్లు చూసి నోటుబుక్కులో రాసుకోండి. ఎప్పుడూ ఒకే వేళకు చేయండి. సమయం ఐదోవంతు పెరిగి, అలాగే నిలిచిపోతే డాక్టరుకు చూపించాలి.

ఈ లెక్కను రోహిణీకార్తె తారుమారు చేస్తుంది. ఎండకు ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు పైకొస్తాయి, చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. శ్రమపడ్డాక చూపు ఇలా మసకబారడాన్ని 1890లో ఊథాఫ్ అనే జర్మన్ కంటివైద్యుడు రాసిపెట్టాడు. నీడపట్టున చల్లబడ్డాక తగ్గిపోతే కొత్త దెబ్బ కాదు. జ్వరం గానీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ గానీ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటితే మాత్రం ఆగొద్దు, న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి. ఆయన చెప్పేదాకా మందు మీ అంతట మీరు మానేయకండి.