కురుచైన ఊపిరి

పఠన భాగము: నిర్గమకాండము 6:1–13

ఐగుప్తు బరువుల క్రిందనుండి మిమ్మును వెలుపలికి రప్పింతుననియు, మిమ్మును నా ప్రజలుగా చేర్చుకొందుననియు, పితరులకు ప్రమాణము చేసిన దేశమును మీకిత్తుననియు భావము గల వర్తమానమును యెహోవా మోషే ద్వారా ఇశ్రాయేలీయులకు పంపెను. అంతకంటె గొప్ప శుభవార్తను ఆ జనము అంతవరకు వినియుండలేదు. అయినను వారు చెవియొగ్గలేదు. అవిశ్వాసమే దీనికి కారణమని మనము తొందరపడి చెప్పుదుము గాని గ్రంథము అట్లు చెప్పుటలేదు. తొమ్మిదవ వచనములో రెండు కారణములు కనబడుచున్నవి. ఒకటి మనోవ్యాకులము, రెండవది కఠిన దాసత్వము. మనోవ్యాకులమని తెలుగులోనికి వచ్చిన చోట హెబ్రీ మూలములో నున్నది ‘కోత్సెర్ రూఅహ్’. కోత్సెర్ అనగా కురుచతనము. రూఅహ్ అనగా ఆత్మ, గాలి, ఊపిరి. ఉన్నదున్నట్లు చెప్పినయెడల, వారికి ఊపిరి కురుచైపోయెను. గడ్డి ఇయ్యకయే ఇటుకల లెక్క తగ్గనీయవద్దన్న ఫరో ఆజ్ఞ అంతకు ముందు అధ్యాయములోనే యున్నది. ఆ పనిలో వంగిన వీపులకు వాగ్దానమును వినుటకు చాలినంత ఊపిరి మిగులలేదు.

మన దినములలో దీనిని ‘ఒత్తిడి’ అనుచున్నారు. ఇది కేవలము మనస్సునకు సంబంధించినదని పలువురి తలంపు. శరీరశాస్త్రము అట్లు చెప్పదు. హార్వర్డు విశ్వవిద్యాలయములో వాల్టర్ కానన్ అను పండితుడు భయకోపముల వేళ దేహములో కలుగు మార్పులను పరిశీలించి 1915లో గ్రంథముగా ప్రకటించెను. ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండములపై నున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును, నోరు ఎండును, జీర్ణక్రియ మందగించును, కాలేయము చక్కెరను విడుదల చేయును. దేహమంతయు పోరాటమునకో పరుగునకో సిద్ధపడును. 1936లో మాంట్రియల్ నగరములో హాన్స్ సెల్యే ఎలుకలపై పరిశోధన చేసి, చలియైనను గాయమైనను మితిమీరిన శ్రమయైనను, బాధ ఏదైనను దేహము చూపు గురుతులు ఇంచుమించు ఒక్కటేయని కనుగొనెను. అడ్రినల్ గ్రంథులు ఉబ్బెను, రోగనిరోధమునకు తోడ్పడు గ్రంథులు కృశించెను, కడుపులో పుండ్లు పడెను.

అడ్రినలిన్ క్షణములలో పని చేయును. దాని వెనుక, కొన్ని నిమిషములకు, కార్టిసాల్ అను మరియొక రసము వచ్చును. ఇది శత్రువు కాదు. ఆపద తీరినప్పుడు ‘ఇక చాలు’ అని మెదడునకు తెలియజేయునది కూడ ఇదియే. సృష్టికర్త దేహమును ఎంత జాగ్రత్తగా అమర్చెనో ఇక్కడ చూడవచ్చును. ఆపద తీరనప్పుడే చిక్కు. కావలివాడు రేయింబవళ్లు మేలుకొనియే యుండును. నిద్ర తేలికపడును, రక్తపు పోటు పెరుగును, జ్ఞాపకశక్తి సన్నగిల్లును, రోగములనెదిరించు బలము తగ్గును. 1995లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన జరిగెను. మతిమరపు వ్యాధి గల బంధువులకు పరిచర్య చేయుచున్న 13 మంది స్త్రీలకును, అట్టి భారము లేని 13 మందికిని చేతిపై ఒకే కొలతగల చిన్న గాయము చేసి చూచిరి. పరిచర్య చేయువారి గాయము మానుటకు సుమారు 9 దినములు ఎక్కువ పట్టెను. మంచముపట్టిన అత్తగారికి ఏండ్ల తరబడి సేవ చేయుచున్న కోడలిని ‘ఆమెకేమి, ఆరోగ్యముగానే యున్నది’ అనువారు ఈ సంగతి ఎరుగవలెను.

అయితే ప్రతి వ్యాధిని ఒత్తిడికి అంటగట్టుటయు సరికాదు. కడుపులోని పుండునకు చింతయే మూలమని చాలకాలము నమ్మిరి. 1980 తరువాతి సంవత్సరములలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అను ఇద్దరు ఆస్ట్రేలియా వైద్యులు అందులో అధికభాగము ఒక సూక్ష్మజీవివలన కలుగుచున్నదని చూపిరి. వారికి 2005లో నోబెల్ బహుమానము లభించెను. అటువంటి పుండు గలవానికి ‘చింత మానుము’ అని చెప్పి పంపివేయుట వైద్యమును కాదు, ఆదరణయును కాదు.

విరుచుకుపడి వెళ్లిపోవు ఒత్తిడి యొకటి, వచ్చి కదలక నిలుచునది వేరొకటి. ఈ భేదమును అండమాను దీవులు కన్నులకు కట్టినట్లు చూపుచున్నవి. 2004 డిసెంబరు 26, ఆదివారము ఉదయమున సుమత్రా తీరమున వచ్చిన భూకంపము వెంబడి సముద్రము పొంగి నికోబారు దీవులలో గ్రామములకు గ్రామములనే తుడిచివేసెను. దక్షిణ అండమానులో మరియొకటి కూడ జరిగెను. నేలయే సుమారు ఒక మీటరు క్రుంగెను. ఫెరార్‌గంజ్ తాలూకాలోని చౌల్దారీ గ్రామము ఆ దీవిలోనిదే. ఆ పేరు వినగానే హిందుస్తానీ తెలిసినవారికి ‘ఛోల్‌దారీ’, అనగా చిన్న గుడారము, తలపునకు వచ్చును. మన దేహమును పౌలు గుడారమని పిలిచిన మాట (2 కొరింథీయులకు 5:1) ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది. దక్షిణ అండమానులో సిప్పీఘాట్ మొదలగు పల్లపు ప్రదేశములలో వరి పండిన పొలములలోనికి ఉప్పునీరు చొచ్చెను. కొబ్బరిచెట్లు నిలువునా ఎండి మోడులైపోయెను. అల ఒక ఆదివారము వచ్చి వెళ్లిపోయెను. పోటు మాత్రము దినమునకు రెండు మారులు వచ్చుచునే యుండెను.

అల పాలైనవానిని ఆదరించుటకు ఓడలు వచ్చెను, విమానములు వచ్చెను, వార్తాపత్రికలవారు వచ్చిరి. పోటు పాలైన పొలము గట్టుమీద నిలుచుండి, అప్పును పిల్లల చదువును లెక్కించుకొనువాని యొద్దకు అంత త్వరగా ఎవరు వత్తురు? దేహములో కూడ ఇట్లే జరుగును. గుండె ఆగునట్లు వచ్చిన భయమును ఇంటివారందరు చూతురు. దినదినము నరములలోనికి చొచ్చు ఉప్పును భార్యయైనను గమనింపకపోవచ్చును.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ వైద్యులు ఆ విపత్తు తరువాత అండమానునకు వెళ్లి బాధితులను పరీక్షించిరి. తమ ఊళ్లలో నిలిచియున్నవారికంటె ఇల్లు వాకిలి విడిచి శిబిరములకు చేరినవారిలో మానసిక బాధలు అధికముగా నుండెను. అవి వట్టి దుఃఖముగానే గాక, అదరుపాటుగాను దేహబాధలుగాను బయటపడెను. అయినను అంత గొప్ప విపత్తునకు తగినంత మంది మనస్సు చెదరలేదనియు, కుటుంబమును సమాజమును తోడు నిలుచుటయే ఇందుకు కారణమనియు ఆ వైద్యులు తలంచిరి. నికోబారీయులలో అనేక కుటుంబములు కలిసిన ‘తుహేత్’ అను ఉమ్మడి వంశము ఉన్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి బ్రతుకుతెరువునకై ఆ దీవులకు వెళ్లిన తెలుగువారిలో అనేకులకు అట్టి తోడు తక్కువ. మేనమామ, పెద్దమ్మ సుమారు 1200 కిలోమీటర్ల సముద్రమునకు ఆవల నుందురు. అట్టిచోట సంఘము చుట్టరికము కాకపోయినయెడల మరి ఎవరు కాగలరు?

తెలుగునాట 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలకొలది ప్రాణములను హరించెను. ఆనాడు బ్రదికి బయటపడినవారికి నేటికిని గాలి హోరు వినగానే గుండె దడదడలాడినయెడల అది పిరికితనము కాదు. మనస్సు మరచినదానిని దేహము మరువలేదు.

ఇట్టివానితో సంఘము ఎట్లు వ్యవహరింపవలెను? మోషే మాట వినని జనమును దేవుడు గద్దించెనని నిర్గమకాండము చెప్పదు. తరువాతి వచనములలోనే ఆయన మోషేను ఫరో యొద్దకు పంపుచున్నాడు. అనగా వినలేనివారిని విడిచి, బరువు మోపినవాని యొద్దకు పోవుచున్నాడు. ఉప్పు పట్టిన పొలములో మంచి విత్తనము వేసినను మొలవదు. అండమానులో కొన్నిచోట్ల గట్లు వేసి, తూములు పెట్టి, ఎత్తుమడులు చేసి, వానలు ఉప్పును కడుగువరకు కనిపెట్టుకొని నేలను తిరిగి సాగులోనికి తెచ్చిరి. విత్తనమును ఎవరును నిందింపలేదు, నేలనును నిందింపలేదు. మన సంఘములలో అయితే నిద్రలేక నలిగిన సహోదరునికి ‘నీకు ప్రార్థన చాలదు’ అని చెప్పుట ఎంత సులభము! ఆ మాటతో అతని ఇటుకల లెక్కకు మరి యొకటి చేర్చినవారమగుదుము.

చింతపడవద్దని ఫిలిప్పీయులకు వ్రాసిన పౌలు మాటను దీనికి విరోధముగా చూపువారు కలరు. ఆ పత్రికనే పూర్తిగా చదువవలెను. ఎపఫ్రొదితు రోగియై చావునకు సమీపమైనప్పటి తన దుఃఖమును పౌలు దాచలేదు. అతనిని పంపినయెడల తన దుఃఖము కొంత తగ్గునని 2:28లో తెలిపెను. అదే పత్రిక చివర, వారు పంపిన వస్తువులు తనకు ముట్టినవని కృతజ్ఞతతో వ్రాసెను. ప్రార్థన, స్నేహితుడు, కానుక, ఈ మూడును ఒక్క పత్రికలోనే యున్నవి. ఏలీయా మరణమును కోరి బదరీవృక్షము క్రింద పండుకొన్నప్పుడు దూత అతనికి ప్రసంగము చేయలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చి, మరల తినిపించెను (1 రాజులు 19:5–8). తినుటకైనను తీరికలేని శిష్యులను ప్రభువు ఏకాంతమునకు తీసికొనిపోయెను (మార్కు 6:31). ప్రార్థనయందు నిదానముగా, దీర్ఘముగా విడిచిన ఊపిరి గుండెవేగమును తగ్గించునని వైద్యులును ఒప్పుకొందురు. ఊపిరి ఊదినవానికి ఇది వింత కాదు.

కనుక సంఘపెద్దలు చేయదగిన పనులు చిన్నవి. రోగిని కనిపెట్టుకొనియున్న ఇల్లాలిని ఒక పూట నిద్రపోనిచ్చి ఆమె స్థానమున కూర్చుండవచ్చును. అప్పుల లెక్క చూడనేర్చిన సహోదరుడు రైతుతో కూర్చుండి కాగితములు సరిచేయవచ్చును. విశ్రాంతిదినమున కాపరికి మూడు కూటములు పెట్టి అతని ఊపిరిని కురుచచేయుట మానవచ్చును. నిద్రయు ఆకలియు రెండు వారములకు మించి చెడినను, చావు తలంపులు వచ్చినను, ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు వెంటబెట్టుకొని పోవలెను. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను నంబరున ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును. తెలుగులోను మాటలాడవచ్చును. ఫోను చేయుటకు సంకోచించువాని ప్రక్కన ఎవరైనను కూర్చుండి ఆ నంబరు నొక్కి ఇచ్చుట మేలు.