మనసుకు జబ్బు చేస్తే నర్సు ఏం చేస్తుంది?

మీరు జ్వరంతో ఆసుపత్రిలో చేరారనుకోండి. నర్సు థర్మామీటరు పెట్టి జ్వరమెంతో చూస్తుంది, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతుంది. మరి జబ్బు మనసుకు వస్తే? భయాన్నీ దిగులునూ కొలిచే థర్మామీటరు లేదు కదా!

అక్కడ నర్సుకు కళ్ళూ చెవులే పరికరాలు. రోగి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడు? అన్నం తిన్నాడా, కంచం అలాగే వదిలేశాడా? నిన్న నలుగురితో కూర్చున్నవాడు ఈవేళ గోడవైపు తిరిగి ఎందుకు పడుకున్నాడు? ఇవన్నీ గమనించి, వేళతో సహా రాసిపెడతారు. డాక్టరు రోజులో కాసేపే రోగిని చూడగలరు. నర్సులు రాత్రీ పగలూ వంతులవారీగా దగ్గరే ఉంటారు. అందుకే ఆ రాతలకంత విలువ. ఎవరైనా "నాకిక బతకాలని లేదు" అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోరు. వెంటనే డాక్టరుకు చెబుతారు. ఆ మనిషిని ఒంటరిగా వదలరు.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఐరోపాలో మానసిక రోగులను గొలుసులతో కట్టేసేవారు. పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో ప్యుసాన్ అనే ఆయన ఉండేవాడు. ఆయన డాక్టరు కాదు. తోళ్ళు పదును చేసే పని తెలిసినవాడు. తానే రోగిగా అక్కడికి వచ్చి, నయమయ్యాక మానసిక రోగుల విభాగానికి పర్యవేక్షకుడయ్యాడు. రోగులను కొట్టరాదని పనివాళ్ళను కట్టడి చేశాడు. కోలుకున్నవారినే పరిచారకులుగా పెట్టుకున్నాడు. తాను చూసినది రాసి ఉంచాడు. 1797లో రోగుల గొలుసులు తీయించాడు. 1793లో అక్కడికి వచ్చిన ప్రసిద్ధ వైద్యుడు పినెల్, ఆయన దగ్గర తాను ఎంతో నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు.

ఇప్పుడొక చిన్న ప్రశ్న. ఒక రోగి "ఎవరో నన్ను తిడుతున్నారు, వినబడటం లేదా?" అని అడిగాడు. అక్కడ ఎవరూ లేరు. మీరైతే ఏమంటారు? "అంతా నీ భ్రమ" అంటే ఆయన నొచ్చుకుంటాడు. "అవును, నాకూ వినబడుతోంది" అంటే అబద్ధమవుతుంది, భయం పెరుగుతుంది. శిక్షణ పొందిన నర్సు ఇలా అంటుంది: "నాకేమీ వినబడటం లేదండీ. మీకు మాత్రం వినబడుతోంది, అందుకే భయపడుతున్నారు. నేనిక్కడే కూర్చుంటాను." ఆయన నటించడం లేదు. అలాంటి వేళ మెదడు చిత్రాలు తీసి చూస్తే, మాటలకు సంబంధించిన భాగాలు చురుగ్గా ఉండటం శాస్త్రజ్ఞులకు కనబడింది.

మందుల విషయంలోనూ మెలకువ కావాలి. కొందరికి మనసు కొన్నాళ్ళు పట్టరాని ఉత్సాహంతో, కొన్నాళ్ళు తీరని కుంగుబాటుతో ఊగిసలాడుతుంది. దీనికి లిథియం లవణం పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ తెలియజేశాడు. ఆవర్తన పట్టికలో లిథియం, సోడియం ఒకే గ్రూపులో ఉంటాయి. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే మూత్రపిండాలు సోడియంతోపాటు లిథియంను కూడా బయటికి పోనీయవు. అప్పుడు రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. అందుకే ఎండాకాలంలో బాగా చెమట పట్టినా, వాంతులూ విరేచనాలూ అయినా, చేతులు బాగా వణికినా నర్సు ఊరుకోదు. తరువాతి మాత్ర ఇచ్చేముందే డాక్టరుకు చెబుతుంది. రక్తపరీక్ష చేయిస్తారు.

గొలుసుల కథ పారిస్‌తోనే ముగియలేదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంవల్ల వాళ్ళు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగిని ఏ విధంగానూ గొలుసులతో బంధించరాదని చెబుతోంది.

పిల్లలూ! దారిలో తనలో తాను మాట్లాడుకునే మనిషి కనబడితే రాయి విసరకండి, నవ్వకండి. మీ స్నేహితుడు నిద్ర, తిండి మాని ముభావంగా ఉంటే గమనించండి, పక్కన కూర్చుని వినండి, పెద్దలకు చెప్పండి. మీకే అలా ఉంటే దాచుకోకండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. గమనించడం, వినడం, ఒంటరిగా వదలకపోవడం: నర్సు పనిలో ఈ మూడూ మనమందరం చేయగలిగినవే.