కీ వచ్చింది, నేను తెరవలేదు

గేట్ ఫిబ్రవరిలో రాస్తాం, ఫలితాలు మార్చిలో. మధ్యలో రోజులే కష్టం. నేను రాసిన ఏడాది రెస్పాన్స్ షీట్, కీ వచ్చాక కూడా వారం రోజులు తెరవలేదు. అమ్మ "చూశావా నాన్నా?" అంటే "ఇంకా రాలేదమ్మా" అని అబద్ధం చెప్పాను.

గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం మనలో చాలామందికి నోటికి వచ్చు. "ఫలితం గురించి ఆలోచించకు" అని తేలిగ్గా అర్థం చెప్పేసుకుంటాం. కానీ పని మానేయడం మీద కూడా ఇష్టం పెంచుకోవద్దని అదే శ్లోకం చివర్లో ఉంది. నేను చేసింది సరిగ్గా అదే కదా!

చివరికి ఒక రాత్రి కూర్చుని లెక్కేశాను. సబ్జెక్టు రాకపోవడం కంటే గుడ్డిగా పెట్టినవే ముంచాయి. రెండు మార్కుల మల్టిపుల్ ఛాయిస్ తప్పయితే 2/3 మార్కు పోతుంది. న్యూమరికల్ ప్రశ్నలకు అసలు నెగటివ్ లేదు, వాటినేమో ఖాళీగా వదిలేశా!

రిజల్ట్‌కి ఇంకా నాలుగు రోజులుంది. అమ్మను లేపి నిజం చెప్పేశాను.