కీబోర్డ్ షార్ట్‌కట్స్ బట్టీ కొట్టొద్దు.. ఈ 4 కీల లాజిక్ తెలిస్తే చాలు!

'100 కంప్యూటర్ షార్ట్‌కట్స్' అనే పీడీఎఫ్ మీ వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కసారైనా తిరిగే ఉంటుంది. సేవ్ చేసుకుంటాం, మళ్లీ ఓపెన్ చేయం. చేసినా రెండు రోజుల్లో మర్చిపోతాం. కారణం సింపుల్, లిస్ట్ చూసి నేర్చుకోవడం అంటే ఎగ్జామ్ ముందు రోజు బిట్లు బట్టీ కొట్టడం లాంటిదే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. రోజంతా కీబోర్డ్ ముందే ఉంటాను. అయినా నేను రోజూ వాడే షార్ట్‌కట్స్ లెక్కపెడితే ఓ ఇరవైకి మించవు. ఆ ఇరవై గుర్తుండటానికి కారణం జ్ఞాపకశక్తి కాదు, వాటి వెనక ఉన్న లాజిక్. అదేంటో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. ఇక్కడ చెప్పేవన్నీ విండోస్ 10, 11 పీసీల కోసం.

ముందు ఈ 4 కీలను అర్థం చేసుకోండి

కంట్రోల్: మీరు ఇప్పుడు వాడుతున్న యాప్ లోపల జరిగే పని. కాపీ, సేవ్, ప్రింట్, ఫైండ్ లాంటివి.

విండోస్ కీ: మొత్తం సిస్టమ్‌కి ఇచ్చే ఆర్డర్. ఏ యాప్‌లో ఉన్నా ఒకేలా పనిచేస్తుంది. విండోస్ + డి నొక్కితే డెస్క్‌టాప్, విండోస్ + ఇ నొక్కితే ఫైల్ ఎక్స్‌ప్లోరర్.

ఆల్ట్: విండోలు, మెనూల పని. ఆల్ట్ + ట్యాబ్‌తో ఒక విండో నుంచి ఇంకో విండోకి వెళ్తాం, ఆల్ట్ + ఎఫ్4తో విండోని మూసేస్తాం.

షిఫ్ట్: అసలు మజా ఇక్కడే ఉంది. ఉన్న షార్ట్‌కట్‌ని ఇది తిరగేస్తుంది లేదా ఇంకాస్త పెంచుతుంది. బ్రౌజర్‌లో కంట్రోల్ + టి కొత్త ట్యాబ్ తెరిస్తే, కంట్రోల్ + షిఫ్ట్ + టి పొరపాటున మూసేసిన ట్యాబ్‌ని వెనక్కి తెస్తుంది. ఆల్ట్ + ట్యాబ్ ముందుకు వెళ్తే, మధ్యలో షిఫ్ట్ కలిపితే వెనక్కి వస్తుంది. బాణం కీ కర్సర్‌ని జరిపితే, షిఫ్ట్ + బాణం టెక్స్ట్‌ని సెలెక్ట్ చేస్తుంది.

ఇది నూటికి నూరు పాళ్లు వర్తించే రూల్ కాదు. ఉదాహరణకి టాస్క్ మేనేజర్‌ని తెరిచే కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ సిస్టమ్‌కి సంబంధించిందే. అయినా ఎక్కువ సార్లు ఈ లెక్క సరిపోతుంది.

జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఎందుకు?

కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని 1970లలో జిరాక్స్ పార్క్ ల్యాబ్‌లో రూపొందించినవాళ్లలో లారీ టెస్లర్ ఒకరు. తర్వాత ఆయన ఆపిల్‌కి వెళ్లారు. 1983లో వచ్చిన ఆపిల్ లీసా కంప్యూటర్‌లో ఈ పనులకి ఇవే అక్షరాలు వాడారు. కీబోర్డ్ వైపు ఒకసారి చూడండి, నాలుగూ కింది వరసలో ఎడమ పక్కన వరసగా ఉంటాయి. కుడి చెయ్యి మౌస్ మీదే ఉన్నా, ఎడమ చేత్తో పని అయిపోతుంది.

కంట్రోల్ + ఆల్ట్ + డిలీట్ కథ దీనికి రివర్స్. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజినీర్ దీన్ని పెట్టారు. అప్పట్లో ఇది పీసీని రీస్టార్ట్ చేసేది. పొరపాటున చెయ్యి తగిలి రీస్టార్ట్ కాకూడదని, కావాలనే దూరదూరంగా ఉన్న కీలను ఎంచుకున్నారు.

టైపింగ్‌లో టైమ్ మిగిల్చేవి

కంట్రోల్‌తో బాణం కీ నొక్కితే కర్సర్ అక్షరం అక్షరం కాకుండా పదం పదం దూకుతుంది. ఇప్పుడు షిఫ్ట్ లాజిక్ కలపండి: కంట్రోల్ + షిఫ్ట్ + బాణం అంటే పదం పదం సెలెక్ట్ అవుతుంది. చూశారా, చెప్పకుండానే ఊహించగలిగారు! అలాగే కంట్రోల్ + బ్యాక్‌స్పేస్ వెనక ఉన్న పదం మొత్తాన్ని చెరిపేస్తుంది.

వెబ్‌సైట్ నుంచి కాపీ చేస్తే రంగు, ఫాంట్ కూడా వెంట వస్తాయి కదా. బ్రౌజర్‌లోనూ, గూగుల్ డాక్స్‌లోనూ కంట్రోల్ + షిఫ్ట్ + వి వాడితే ఉత్త టెక్స్ట్ మాత్రమే పేస్ట్ అవుతుంది.

తెలుగులో టైప్ చేసేవాళ్లకి విండోస్ + స్పేస్ తప్పనిసరి. సెట్టింగ్స్‌లో తెలుగు ఫోనెటిక్ కీబోర్డ్ యాడ్ చేసుకుంటే, ఈ ఒక్క షార్ట్‌కట్‌తో ఇంగ్లిష్ నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లిష్‌కి మారిపోవచ్చు.

పరువు కాపాడేవి

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మా రూమ్మేట్ ప్రాజెక్ట్ రిపోర్ట్ రాస్తున్నాడు, పొద్దున్నే సబ్మిషన్. ఫాంట్ మార్చడానికి కంట్రోల్ + ఎ కొట్టి, ఆ తర్వాత చెయ్యి జారి ఏదో అక్షరం నొక్కాడు. అరవై పేజీలు పోయి ఒక్క అక్షరం మిగిలింది. కంగారులో ఫైల్ క్లోజ్ చేయబోతుంటే, 'సేవ్ చేయాలా?' అని బాక్స్ వచ్చింది. "ఒరేయ్, ఆగు! ఏదీ నొక్కకు" అని పక్కనుంచి అరిచాను. క్యాన్సిల్ కొట్టి కంట్రోల్ + జెడ్ నొక్కితే అన్నీ తిరిగొచ్చాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే, వర్డ్‌లో ఫైల్ మూసేస్తే ఆ అన్‌డూ హిస్టరీ కూడా పోతుంది. ఏదైనా తేడా కొట్టగానే చేతులు తీసేయండి, ముందు కంట్రోల్ + జెడ్. మరీ వెనక్కి వెళ్లిపోతే కంట్రోల్ + వై.

రెండోది విండోస్ + ఎల్. సీట్‌లోంచి లేచేటప్పుడు స్క్రీన్ లాక్ చేసే షార్ట్‌కట్ ఇది. హాస్టల్లో అయినా, ఆఫీసులో అయినా తెరిచి ఉన్న ల్యాప్‌టాప్ అంటే మీ మెయిల్, మీ చాట్స్ అన్నీ తెరిచి ఉన్నట్టే.

మూడోది విండోస్ + వి, అంటే క్లిప్‌బోర్డ్ హిస్టరీ. మొదటిసారి నొక్కినప్పుడు ఆన్ చేయమని అడుగుతుంది. ఆ తర్వాత మీరు కాపీ చేసినవి 25 వరకు అక్కడ కనిపిస్తాయి. చాలా ఉపయోగం, కానీ కాపీ చేసిన పాస్‌వర్డ్ కూడా అందులో ఉండిపోవచ్చు. ల్యాబ్‌లోనో, నెట్ సెంటర్‌లోనో ఉంటే లేచే ముందు అదే ప్యానెల్‌లో హిస్టరీ మొత్తం క్లియర్ చేయండి.

ఈ రెండు చోట్ల జాగ్రత్త

లైనక్స్ టెర్మినల్: ఇక్కడ కంట్రోల్ + సి అంటే కాపీ కాదు, నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపేయడం. కాపీకి కంట్రోల్ + షిఫ్ట్ + సి వాడాలి. అలవాటుగా సేవ్ అనుకుని కంట్రోల్ + ఎస్ కొడితే చాలాసార్లు స్క్రీన్ బిగుసుకుపోయినట్టు అవుతుంది. భయపడి టెర్మినల్ మూసేయకండి, కంట్రోల్ + క్యూ నొక్కితే మళ్లీ కదులుతుంది.

ఆన్‌లైన్ ఎగ్జామ్స్: ప్లేస్‌మెంట్ టెస్టుల్లో మానిటరింగ్ ఉంటే ఆల్ట్ + ట్యాబ్, విండోస్ కీ లాంటివాటిని వేరే విండోకి వెళ్లినట్టు లెక్కేసే అవకాశం ఉంది. అలవాటులో వేలు పడినా వార్నింగ్ రావచ్చు. టెస్ట్ రూల్స్ ముందే చదవండి, ఆ గంటసేపు ఈ షార్ట్‌కట్స్ జోలికి వెళ్లొద్దు.

మరి నేర్చుకోవడం ఎలా?

వారానికి మూడు చాలు. మీరు రోజూ మౌస్‌తో ఎక్కువసార్లు చేసే మూడు పనులు చూసుకోండి. చాలా యాప్స్‌లో మెనూ తెరిస్తే ఆ పని పక్కనే దాని షార్ట్‌కట్ రాసి ఉంటుంది. ఆ మూడింటినీ చిన్న స్లిప్ మీద రాసి స్క్రీన్ కింద అంటించండి. ఆ వారం ఆ పనులకి మౌస్ ముట్టుకోవద్దు. మొదటి రెండు రోజులు స్లో అవుతారు, చిరాకు కూడా వస్తుంది. వారం తిరిగేసరికి వేళ్లే వెతుక్కుంటూ వెళ్తాయి. అప్పుడు స్లిప్ మార్చండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఈ వారానికి ఇవి తీసుకోండి: విండోస్ + ఎల్, కంట్రోల్ + షిఫ్ట్ + టి, కంట్రోల్ + బ్యాక్‌స్పేస్. లాక్ చేయడం ఎలాగో ఇప్పుడే ఒకసారి నొక్కి చూడండి. కాకపోతే పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందు చూసుకోండి!