అంటు చాకుకు ఏ ఉక్కు మేలు?

మామిడికి అంటు కట్టేటప్పుడు కోత నున్నగా లేకపోతే అంటు అతకదు. ఆ ఋతువు పోయినట్టే. కాబట్టి జేబుచాకు కొనేవాళ్ళు తళుకు కాదు, ఉక్కు చూడాలి.

1095 రకంలో కార్బను సుమారు 1 శాతం. కాల్చి నూనెలో ముంచితే బాగా గట్టిపడుతుంది, సానరాయి మీద ఇట్టే పదునెక్కుతుంది. మామిడి సొన తుడవకుండా వదిలామో, మచ్చలూ తుప్పూ! 420 రకం స్టెయిన్‌లెస్‌లో క్రోమియం 12–14 శాతం. తుప్పు భయం తక్కువే గాని, కార్బను సాధారణంగా 0.4 శాతం మించదు గనుక త్వరగా మొద్దుబారుతుంది. 440సి రకంలో కార్బను మళ్ళీ 1 శాతం దాకా, క్రోమియం 16–18. ఈ రెండూ కలిసి గట్టి కార్బైడు రేణువులౌతాయి. పదును చాలాసేపు నిలుస్తుంది. పోయిందా, మామూలు రాయికి ఓ పట్టాన లొంగదు. తోటలో గట్టున కూర్చుని నూరుకునే మా నాన్నలాంటి వాళ్ళకు అదేం లాభం? నా ఓటు 1095కే, జేబులో నూనెగుడ్డ ఉంటే.